"అందరూ బందోబస్తుకి వెళ్లారండీ": పోలీసు బడ్జెట్‌ను ఎలా చదవాలి?

విజయవాడలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బైక్ పోయింది. నాది కాదు, నాలుగో ఫ్లోర్ కుర్రాడిది. దసరా రోజులు. "అంకుల్, మీరూ రండి, నాకు టెన్షన్‌గా ఉంది" అంటే తోడు వెళ్లాను. స్టేషన్ గుమ్మంలో తుపాకీతో ఒక సెంట్రీ, లోపల బల్ల దగ్గర ఒక హోంగార్డు. ఎస్సై కుర్చీ ఖాళీ, రైటర్ కుర్చీ ఖాళీ. "అందరూ కొండ దగ్గర బందోబస్తుకి వెళ్లారండీ. కంప్లయింట్ రాసిచ్చి వెళ్లండి, దసరా అయ్యాక ఒకసారి కనబడండి" అన్నాడు హోంగార్డు. మాట మర్యాదగానే ఉంది. తెల్లకాగితం మాత్రం పక్కన జిరాక్స్ షాపులో మేమే కొనుక్కున్నాం.

మర్నాడు అసోసియేషన్ మీటింగ్‌లో ఇదే చర్చ. "ఇంటిపన్ను అంత కడుతున్నాం కదా, పోలీసుల్ని పెంచమని కార్పొరేషన్‌ని అడుగుదాం" అన్నారు రిటైరైన లెక్కల మాస్టారు. "మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. అక్కడ పోలీసులకి డబ్బిచ్చేది సిటీ వాళ్లేనట. పని నచ్చకపోతే కోసేస్తారట" అంది రెండో ఫ్లోర్ ఆవిడ. "ఉన్నవాళ్లకి ఇచ్చేదే దండగ. ఆ డబ్బేదో స్కూళ్లకీ ఆస్పత్రులకీ పెడితే దొంగలే ఉండరు" అని మరొకాయన లేచారు. మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది, కొంత పొరపాటూ ఉంది. రెంటినీ విడదీయాలంటే డబ్బు ఎక్కడ బయలుదేరుతుందో అక్కణ్ణుంచి రావాలి.

ఇంటిపన్నులో పోలీసు వాటా ఎంత?

ఏమీ లేదు. విజయవాడ నగరపాలక సంస్థకు మనం కట్టే ఇంటిపన్ను, నీటిపన్నుల్లోంచి పోలీసుల జీతాలు రావు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్రాల జాబితా ఉంది. అందులో మొదటి అంశం శాంతిభద్రతలు, రెండోది పోలీసు. కార్పొరేషన్ చేతిలో ఉన్నవి చెత్త, మురుగుకాలువలు, మంచినీళ్లు, వీధిదీపాలు వగైరా. ఒక్క కానిస్టేబుల్‌ను వేసే అధికారం మేయర్‌కు లేదు, తీసే అధికారమూ లేదు. నగరానికి 1983 నుంచి పోలీసు కమిషనరేట్ ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక అది ఎన్టీఆర్ పోలీసు కమిషనరేట్ అయింది. కమిషనర్ జవాబు చెప్పుకునేది మంగళగిరిలోని డీజీపీ ఆఫీసుకు. డబ్బు మంజూరయ్యేది వెలగపూడిలో, అసెంబ్లీలో. గుంటూరుకు కమిషనర్ లేరు, ఎస్పీ ఉంటారు. డబ్బు వచ్చే దారి మాత్రం అదే.

రెండో ఫ్లోర్ ఆవిడ మేనల్లుడు చెప్పింది అమెరికా సంగతి. అక్కడ చాలా నగరాల్లో పోలీసు శాఖ నగరానిదే, కాబట్టి దాని బడ్జెట్‌ను ఓటేసి పెంచేదీ తగ్గించేదీ సిటీ కౌన్సిలే. 2020 మేలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు మోకాలి కింద చనిపోయాక, పోలీసుల నిధులు కోసి సామాజిక సేవలకు మళ్లించాలన్న ఉద్యమం లేచింది. టెక్సస్‌లోని ఆస్టిన్ కౌన్సిల్ అదే ఏడాది ఆగస్టులో సుమారు 15 కోట్ల డాలర్ల కోత ప్రకటించింది. అందులో వెంటనే నిజంగా తగ్గించింది రెండు కోట్ల పైచిలుకే. మిగతాది ఎక్కువ భాగం ఫోరెన్సిక్ వంటి విభాగాలను పోలీసు శాఖ నుంచి విడదీసి వేరే పద్దులో చూపడం, లేదంటే ముందు ముందు మళ్లిస్తామని పక్కన పెట్టడం. మరుసటి ఏడాదే రాష్ట్ర చట్టం వచ్చి ఆ నిధులు తిరిగి పోలీసు ఖాతాకు చేరాయి. మినియాపొలిస్‌లో పోలీసు శాఖ స్థానంలో వేరే శాఖ పెట్టాలన్న ప్రతిపాదనను 2021 నవంబరులో ఓటర్లే తోసిపుచ్చారు.

ఆస్టిన్ కథను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. పద్దు మారితే అంకె మారుతుంది, పని మారకపోయినా సరే. మన బడ్జెట్ చదివేటప్పుడూ ఇది అడుగడుగునా అడ్డొస్తుంది.

మన ఊళ్లోనే ఒక ఉదాహరణ విజయవాడ రైల్వే జంక్షన్. ప్లాట్‌ఫాం మీద ఖాకీలో కనిపించే వాళ్లందరూ ఒకటే అనుకుంటాం. ఆర్‌పీఎఫ్, అంటే రైల్వే రక్షణ దళం, పూర్తిగా రైల్వేది, జీతం కేంద్రం ఇస్తుంది. జేబు కొట్టేస్తే కేసు రాసే జీఆర్‌పీ, అంటే ప్రభుత్వ రైల్వే పోలీసు, రాష్ట్ర పోలీసు. దాని ఖర్చును రాష్ట్రం సగం, రైల్వే సగం భరిస్తాయి. ఒకే ప్లాట్‌ఫాం, రెండు యూనిఫారాలు, మూడు రకాల డబ్బు.

8,570 కోట్లు ఎక్కువా, తక్కువా?

2025-26 రాష్ట్ర బడ్జెట్‌లో ఆర్థికమంత్రి పయ్యావుల కేశవ్ హోం శాఖకు చూపిన కేటాయింపు 8,570 కోట్లు. మొత్తం బడ్జెట్ 3,22,359 కోట్లు. భాగిస్తే 2.7 శాతం దగ్గర తేలుతుంది. అదే బడ్జెట్‌లో పాఠశాల విద్యకు 31,805 కోట్లు, అంటే పదో వంతుకు కొంచెం తక్కువ. వైద్యారోగ్యానికి 19,264 కోట్లు, ఆరు శాతం. కాబట్టి "పోలీసులకి పెట్టేది స్కూళ్లకి పెడితే" అన్న పెద్దాయన తెలుసుకోవాల్సింది, స్కూళ్లకు ఇప్పటికే దీనికి మూడున్నర రెట్లు పైగా పెడుతున్నారని. అది సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో ఎనిమిది శాతం పైన ఆరోగ్యానికి పెట్టాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. మనం దానికి దూరంగానే ఉన్నాం.

శాతాల దగ్గర ఒక తిరకాసు ఉంది. 3,22,359 కోట్లలో రోజువారీ నిర్వహణ ఖర్చు, అంటే రెవెన్యూ వ్యయం, 2,51,162 కోట్లు. ఆస్తులు కట్టడానికి పెట్టే మూలధన వ్యయం 40,635 కోట్లు. మిగిలింది ప్రధానంగా పాత అప్పుల అసలు తీర్చడానికి. అప్పు తీర్చే డబ్బును కూడా కలిపి భాగిస్తే 2.7 శాతం. రెవెన్యూ వ్యయంతో మాత్రమే భాగిస్తే 3.4 శాతం. ఒకే 8,570. "మా ప్రభుత్వం పోలీసులకు పెంచింది" అనేవాళ్లు ఒక హారం తీసుకుంటారు, "తగ్గించింది" అనేవాళ్లు ఇంకొకటి తీసుకుంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పరు.

పెంపు లెక్క కూడా అంతే. 2024-25లో హోం శాఖకు చూపింది 8,495 కోట్లు. ఏడాదిలో 75 కోట్లు పెరిగింది, అంటే ఒక శాతం కూడా కాదు. మొత్తం బడ్జెట్ మాత్రం 2,94,427 కోట్ల నుంచి తొమ్మిది శాతం పైన పెరిగింది. అంకె చూస్తే పెంపు, వాటా చూస్తే కోత. డీఏలు, ఇంక్రిమెంట్లు ఏటా పెరిగేవే కాబట్టి, ఒక్క శాతం పెంపుతో నడిచే శాఖ డీజిల్ దగ్గరో, టీఏ (ప్రయాణ భత్యం) బిల్లుల దగ్గరో బిగించుకోక తప్పదు. వాడుకోని సెలవులకు ఇచ్చే సరెండర్ లీవు డబ్బులు, టీఏలు ఎప్పుడు పడతాయని పోలీసు కుటుంబాల్లో అడుగుతుంటారే, దాని మూలం ఇక్కడుంది.

ఇంకో మెలిక. హోం శాఖ అంటే పోలీసు ఒక్కటే కాదు, జైళ్లూ అగ్నిమాపక శాఖా అందులోనే. అచ్చమైన పోలీసు ఖర్చు తెలియాలంటే లెక్కల పద్దులోకి దిగాలి. దేశమంతా ఒకే నంబర్లు వాడతారు: 2055 అంటే పోలీసుల నిర్వహణ ఖర్చు, 4055 అంటే పోలీసు భవనాలు, పరికరాల వంటి మూలధన ఖర్చు, 2056 జైళ్లు. హోంగార్డులు, ఫైర్ సర్వీసు 2055లో ఉండవు, "ఇతర పరిపాలన సేవలు" అనే 2070లో ఉంటాయి. అంటే, ఆ రోజు స్టేషన్‌లో మా కంప్లయింట్ తీసుకున్న ఏకైక మనిషి లెక్కల పుస్తకంలో పోలీసు పద్దులోనే లేడు.

చివరగా, బడ్జెట్ రోజు పేపర్లో వచ్చేది అంచనా మాత్రమే. ఏడాది చివర్లో సవరించిన అంచనా వస్తుంది. ఆ తర్వాత ఎప్పటికో వాస్తవ ఖర్చు లెక్క వస్తుంది, దాన్ని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఆడిట్ చేస్తుంది. మొదటిదానికి హెడ్డింగులు పెడతారు, మూడోది ఎవరూ చదవరు.

ఈ డబ్బుతో కొంటున్నది గంటలు

పోలీసు ఖర్చులో సింహభాగం జీతాలూ భత్యాలే. జీపులు, కెమెరాలు, డ్రోన్‌లు ఫొటోల్లో బాగుంటాయి గానీ లెక్కలో చిన్నవి. అందుకే ఈ బడ్జెట్‌ను రూపాయల్లో కన్నా గంటల్లో చదివితే తేలిగ్గా అర్థమవుతుందని నాకనిపిస్తుంది. ప్రభుత్వం కొంటున్నది మనుషుల సమయం.

బెంజి సర్కిల్ లాంటి చోట ఒక పాయింట్‌లో 24 గంటలూ ఒక కానిస్టేబుల్ ఉండాలనుకుందాం. ఏడాదికి 8,760 గంటలు. ఒక మనిషి రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు పనిచేస్తే 313 రోజులు. అందులో 15 సీఎల్‌లు (క్యాజువల్ లీవులు), 30 ఈఎల్‌లు (ఆర్జిత సెలవులు) తీసేస్తే 268 రోజులు, అంటే 2,144 గంటలు. భాగిస్తే నలుగురు కావాలి. ఒక్క పాయింట్‌కి నలుగురు! ట్రైనింగు, కోర్టు డ్యూటీ, జ్వరాలు కలిపితే ఇంకా ఎక్కువ.

మరి నలుగురు లేరు, ఇద్దరే ఉన్నారు. అప్పుడేం చేస్తారు? పన్నెండేసి గంటలు, వారంలో ఏడు రోజులూ. మన రాష్ట్రంలో పోలీసులకు వీక్లీ ఆఫ్ ఇస్తామని 2019 జూన్‌లో ప్రకటించారు. ప్రకటనకు ఖర్చు లేదు. కానీ ఏడు రోజుల మనిషిని ఆరు రోజుల మనిషిగా మారిస్తే, అవే గంటలు నింపడానికి ప్రతి ఆరుగురికీ ఏడో మనిషి కావాలి. ఆ ఏడో మనిషి రాకపోతే ఆఫ్ కాగితం మీద ఉంటుంది, కానిస్టేబుల్ పాయింట్ మీద ఉంటాడు.

ఏడో మనిషి ఎందుకు రాడు? డబ్బు ఒక కారణం, ఆలస్యం ఇంకో కారణం. 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు, 2023 జనవరిలో ప్రిలిమ్స్ పెట్టారు. కోర్టు కేసులు దాటుకుని తుది ఫలితాలు వచ్చేసరికి 2025 ఆగస్టు. ఆపైన ట్రైనింగు. గుంటూరు అరండల్‌పేట కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగిన కుర్రాళ్లకు ఈ మధ్యలో పెళ్లిళ్లయ్యాయి, పిల్లలూ పుట్టారు. అన్నాళ్లూ ఆ జీతాలు ఖజానాలో మిగిలినట్టే. దేశం మొత్తం మీద మంజూరైన పోలీసు పోస్టుల్లో ఐదో వంతు ఖాళీగానే ఉంటున్నాయి. ఖాళీ పోస్టు లెక్కల్లో పొదుపుగా కనిపిస్తుంది.

ఆ 6,100 మంది ఖరీదెంతో చూద్దాం. ఒక కొత్త కానిస్టేబుల్ మీద భత్యాలన్నీ కలిపి నెలకు 40 వేలు అవుతుందనుకుంటే (లెక్క కోసం అనుకుంటున్న అంకె), ఏడాదికి 4.8 లక్షలు. 6,100 మందికి సుమారు 293 కోట్లు. హోం శాఖ కేటాయింపులో మూడున్నర శాతం దాకా. ఒక్కసారితో పోయేది కాదు, ముప్పై ఏళ్ల పైన ఏటా పెరుగుతూ పోయే ఖర్చు. ఆర్థిక శాఖ పోలీసు నియామకాల ఫైలు చూసి ఎందుకు తటపటాయిస్తుందో ఇక్కడ తెలుస్తుంది. హోంగార్డుకు 2019 నుంచి రోజుకు 710 రూపాయలు, నెలంతా చేస్తే 21,300. అదే 293 కోట్లతో 11 వేల మంది పైగా హోంగార్డులు వస్తారు. సగం ధరకు గంట. కానీ హోంగార్డు దర్యాప్తు చేయలేడు. ట్రాఫిక్ ఆపగలడు, గుమ్మంలో కూర్చోగలడు, కాగితం తీసుకోగలడు.

దసరా ఖర్చు ఏ పద్దులో ఉంది?

ఇంద్రకీలాద్రి మీద నవరాత్రులకు, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజున, ఇతర జిల్లాల నుంచి కూడా వేలమంది పోలీసులు దిగుతారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన కానిస్టేబుల్ జీతం శ్రీకాకుళం లెక్కలోనే పడుతుంది. టీఏ బిల్లు ఎప్పుడో పాసవుతుంది. పడక కల్యాణ మండపంలోనో స్కూల్లోనో. ఇవన్నీ కూడినా "దసరా బందోబస్తు" అని ఒక్క అంకె 2055లో దొరకదు.

గంటల్లో చూస్తే దొరుకుతుంది. తేలిక లెక్క కోసం వెయ్యి మందే అనుకుందాం. పది రోజులు, రోజుకు పన్నెండు గంటలు. మొత్తం 1,20,000 గంటలు. ఇప్పుడు యాభై మంది సిబ్బంది ఉన్న ఒక స్టేషన్ తీసుకోండి. పైన చెప్పిన 2,144 గంటల చొప్పున ఏడాదంతా వాళ్లు పనిచేస్తే 1,07,200 గంటలు. అంటే వెయ్యి మందిని పది రోజులు క్యూలైన్ల దగ్గర నిలబెట్టడం ఒక స్టేషన్ ఏడాది పనికన్నా ఎక్కువ. మూడు వేల మందైతే మూడు స్టేషన్లు.

దీన్ని దుబారా అనడానికి వీల్లేదు. క్యూలైన్లో తొక్కిసలాట జరిగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. 2016 కృష్ణా పుష్కరాలు, 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు సింగ్‌నగర్‌లో సహాయక చర్యలు, ఇవన్నీ పోలీసులు లేకుండా నడిచేవి కావు. అయితే వీటికి తోడు మన ప్రాంతానికి ఇంకో బరువుంది. సచివాలయం, అసెంబ్లీ, హైకోర్టు, ముఖ్యమంత్రి నివాసం అన్నీ కృష్ణకు అవతలి ఒడ్డున, విజయవాడ గుంటూరుల మధ్యే. కాన్వాయ్‌లు, ధర్నాచౌక్‌లో ఆందోళనలు, కేంద్ర మంత్రులు గన్నవరంలో దిగడాలు. ఏ ప్రభుత్వం ఉన్నా రూటు బందోబస్తు తప్పదు. ఆ గంటలన్నీ బీట్ నుంచి, దర్యాప్తు నుంచి తీసినవే. నాలుగో ఫ్లోర్ కుర్రాడి బైక్ గంటలు కూడా అందులో ఉన్నాయి.

సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరులో ప్రకాశ్ సింగ్ కేసులో ఇచ్చిన ఆదేశాల్లో ఒకటి సరిగ్గా దీని గురించే: శాంతిభద్రతల పని, దర్యాప్తు పని వేరువేరు సిబ్బందికి ఇవ్వండి, పెద్ద పట్టణాలతో మొదలుపెట్టండి అని. దాదాపు ఇరవై ఏళ్లయింది. విడదీయాలంటే ముందు మనుషులుండాలి. ఒకే ఎస్సై పొద్దున కాన్వాయ్ రూటు చూసి, మధ్యాహ్నం కోర్టుకు వెళ్లి, రాత్రి కేసు డైరీ (సీడీ) ఫైలు రాస్తుంటే ఏది దేన్నుంచి విడదీస్తారు?

పోలీసులు పెరిగితే నేరాలు తగ్గుతాయా?

తగ్గుతాయనేవాళ్ల దగ్గర ఆధారం ఉంది. అమెరికాలో 242 నగరాల లెక్కలు తీసి చేసిన అధ్యయనంలో, అదనంగా పది నుంచి పదిహేడు మంది పోలీసులను వేస్తే ఏడాదికి ఒక హత్య తగ్గుతుందని తేలింది. ఆ అధ్యయనమే ఇంకోటీ చెప్పింది: పోలీసులు పెరిగిన చోట చిల్లర నేరాలకు అరెస్టులు కూడా పెరిగాయి, ఆ భారం ఎక్కువగా నల్లజాతీయుల మీద పడింది. రెండూ ఒకే కాగితంలో ఉన్నాయి. ఎవరికి కావలసింది వాళ్లు చదువుకుంటారు.

సంఖ్య ముఖ్యం కాదనేవాళ్లు పాత ప్రయోగం ఒకటి చూపిస్తారు. 1972-73లో కాన్సాస్ సిటీలో కొన్ని బీట్లలో పెట్రోలింగ్ ఆపేశారు, కొన్నింటిలో రెండు మూడు రెట్లు పెంచారు, కొన్నింటిని ఉన్నట్టే ఉంచారు. నేరాల్లో తేడా రాలేదు, జనం భయంలోనూ తేడా రాలేదు. ఊరికే తిరిగే జీపు ఎవర్నీ ఆపలేదన్నమాట.

మనకు దగ్గరి ఆధారం రాజస్థాన్‌ది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు అక్కడి పోలీసులతో కలిసి 162 స్టేషన్లలో నాలుగైదు మార్పులు ప్రయత్నించారు. దర్యాప్తు, మర్యాదల మీద ట్రైనింగ్ ఇచ్చిన చోట, ట్రాన్స్‌ఫర్లు ఆపిన చోట బాధితుల సంతృప్తి పెరిగింది. వీక్లీ ఆఫ్, డ్యూటీల రొటేషన్, స్టేషన్లో కూర్చునే స్థానిక పరిశీలకులు అన్నవి పెద్దగా ఫలితం చూపలేదు, ఎందుకంటే అమలు మధ్యలోనే నీరుగారింది. ఫలించిన రెంటిలో ట్రాన్స్‌ఫర్ ఆపడానికి పైసా ఖర్చు లేదు. ఎందుకు ఆపరో మాత్రం విజయవాడ పాఠకులకు చెప్పనక్కర్లేదు. అదే రాష్ట్రంలో డ్రంకెన్ డ్రైవ్ తనిఖీల మీద చేసిన ఇంకో ప్రయోగంలో, రోజూ ఒకేచోట పెట్టిన చెక్‌పోస్టుల వల్ల ప్రయోజనం కనబడలేదు. చోటు మారుస్తూ పెట్టినప్పుడు రాత్రి ప్రమాదాలు 17 శాతం, మరణాలు 25 శాతం తగ్గాయి. అవే గంటలు, వాడిన తీరు వేరు.

ఇలాంటి లెక్కలన్నింటికీ ఒక హెచ్చరిక. మధ్యప్రదేశ్‌లో 180 స్టేషన్లలో మహిళా హెల్ప్‌డెస్క్‌ల మీద అధ్యయనం జరిగింది. డెస్క్ పెట్టిన స్టేషన్లలో మహిళల కేసుల నమోదు పెరిగింది. నేరం పెరిగి కాదు, అంతకుముందు వెనక్కి పంపేసినవాళ్ల మాట రాసుకోవడం వల్ల. కాబట్టి "ఇంత డబ్బు పోశారు, క్రైమ్ రేటు ఇంకా పెరిగింది" అన్న వార్త చూస్తే, పెరిగింది నేరమా ఎఫ్ఐఆరా అని అడగాలి.

ట్రైనింగ్ సంగతికొస్తే, రాష్ట్రాల పోలీసు ఖర్చులో దాని వాటా సగటున ఒక శాతం దరిదాపుల్లోనే ఉంటూ వస్తోంది. పైగా 2014 విభజనతో మన పోలీసు అకాడమీ, గ్రేహౌండ్స్ శిక్షణ కేంద్రం హైదరాబాద్‌లో ఉండిపోయాయి. ఇదే సమయంలో పని పెరిగింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి తప్పనిసరిగా వెళ్లాలి. ఏర్పాట్లకు రాష్ట్రాలకు ఐదేళ్లు గడువిచ్చారు. స్టేషన్లన్నింటిలో సీసీ కెమెరాలు పెట్టి, రికార్డింగు పద్దెనిమిది నెలలు దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులోనే చెప్పింది. పోలీసులను ప్రశ్నించే ఏర్పాటుకు కూడా డబ్బు కావాలి, అదీ పోలీసు పద్దు నుంచే రావాలి. "పోలీసులకు పైసా పెంచొద్దు" అనే హక్కుల కార్యకర్తలకు ఇక్కడ కొంచెం ఇబ్బంది ఎదురవుతుంది.

కేంద్రం ఇచ్చేది ఎంత?

కొద్దిగానే. పోలీసు ఆధునికీకరణ పథకం 1969 నుంచి ఉంది. మనలాంటి రాష్ట్రాలకు కేంద్రం 60, రాష్ట్రం 40 చొప్పున భరిస్తాయి. 2021-26 కాలానికి కేంద్రం 26,275 కోట్లు ప్రకటించింది గానీ, అందులో జమ్మూకశ్మీర్, ఈశాన్య రాష్ట్రాలు, మావోయిస్టు ప్రాంతాల ఖర్చులన్నీ ఉన్నాయి. రాష్ట్ర పోలీసుల ఆధునికీకరణకు విడిగా చూపింది 4,846 కోట్లు. ఐదేళ్లకు, దేశమంతటికీ. ఏడాదికి వెయ్యి కోట్ల లోపు. మన ఒక్క రాష్ట్రం హోం శాఖ ఖర్చులో తొమ్మిదో వంతు. ఇచ్చిన డబ్బు ఖర్చయిందని చూపే వినియోగ పత్రం పంపకపోతే తర్వాతి విడత ఆగిపోతుంది. "కేంద్రం ఇవ్వలేదు", "రాష్ట్రం లెక్క చెప్పలేదు" అన్న వాదులాట చాలాసార్లు ఈ కాగితం చుట్టూనే.

తలకు నెలకు 144 రూపాయలు

2011 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రంలో 4.96 కోట్ల మంది. 8,570 కోట్లను పంచితే తలకు ఏడాదికి సుమారు 1,730 రూపాయలు, నెలకు 144. ఇప్పటి జనాభాతో ఇంకాస్త తక్కువే. నలుగురున్న ఇంటికి నెలకు 576 రూపాయలు. మా అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఫ్లాట్లు, వాచ్‌మన్‌కు నెలకు 12 వేలు, ఫ్లాటుకు 600. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే మాస్టారు కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు కూడారు. ఒక రాష్ట్రం పోలీసు, జైలు, ఫైరింజన్ అన్నీ కలిపినదాని కంటే మా గేటు దగ్గర నిద్రపోయే మనిషి మాకు ఖరీదు.

డబ్బు ఇలా ప్రైవేటు జేబుల్లోకి జారడం కొత్తేమీ కాదు. జనం గుమిగూడే షాపులు, హాళ్లు సొంత ఖర్చుతో సీసీ కెమెరాలు పెట్టుకోవాలని 2013లోనే మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. షాపువాడికి కెమెరా ఖర్చు, పోలీసుకు ఫుటేజీ. కాలనీల సంగతి వేరు, కలిగిన కాలనీకి కెమెరా ఉంటుంది, కట్ట మీద గుడిసెలకు ఉండదు.

మీటింగ్‌లో చివరికి తేలినవి రెండు. సందు మొదట్లో నెలరోజులుగా వెలగని వీధిదీపం గురించి కార్పొరేషన్‌కు ఫిర్యాదు చేయాలి. న్యూయార్క్ హౌసింగ్ కాలనీల్లో రాత్రి దీపాలు పెంచితే ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు 36 శాతం తగ్గాయని ఒక అధ్యయనం ఉందని నేను చెబితే, "ముందు మన బల్బు మార్పించండి" అంది రెండో ఫ్లోర్ ఆవిడ. ఈ పనికి మాత్రం ఇంటిపన్ను డబ్బే వాడతారు. రెండోది, ఎదురు షాపు కెమెరా ఫుటేజీ అడగడం. అడిగాం. "పోలీసులు వచ్చి అడిగితేనే ఇస్తానండీ, నాకు తలనొప్పులొద్దు" అన్నాడు షాపు ఓనరు.

దసరా వెళ్లాక మళ్లీ స్టేషన్‌కి వెళ్లాం. ఈసారి ఎస్సై ఉన్నారు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఓపిగ్గా విని, ఎఫ్ఐఆర్ రాయించి, ఒక కానిస్టేబుల్‌ను అప్పుడే మాతో షాపుకు పంపారు. ఓనరు పెట్టె తెరిచి తేదీలు వెనక్కి జరిపాడు. ఆ డీవీఆర్‌లో పది రోజుల రికార్డింగే నిలుస్తుంది. బైక్ పోయి ఆ రోజుకు పదమూడో రోజు.